అమ్మాయి పురుడు ఇంట్లోనేనా? అమ్మలూ, కంగారు పడకుండా ఇవి తెలుసుకోండి!

ఇంగ్లండులో వున్న అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మీరు వీసా తెచ్చుకున్నారు, కాయానికి దినుసులు దంచి పెట్టుకున్నారు, పొత్తిళ్ళ కోసం పాత నూలు చీరలు ఉతికి మడతపెట్టారు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో అమ్మాయి తాపీగా చెబుతుంది, ‘‘అమ్మా, నేను ఆస్పత్రికి వెళ్ళను. ఇంట్లోనే కంటాను. మిడ్‌వైఫ్ వస్తుంది’’ అని.

గుండె గుభేలుమనదూ మరి! ఇక్కడ ఇంటి కాన్పులు మానిపించడానికి ఎన్నేళ్ళు పట్టింది! చదువుకున్న పిల్ల, అంత పెద్ద దేశంలో వుండి, మళ్ళీ మంత్రసాని కాలానికి వెళ్తానంటుందేమిటి అనిపిస్తుంది. మీ భయంలో తప్పులేదు. మన అమ్మమ్మలు ఇంట్లోనే పదిమందిని కన్నారని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ రోజుల్లో పురిట్లో పోయినవాళ్ళ లెక్క ఎవరూ చెప్పుకోరు.

అయితే అమ్మాయి అంటున్న ఇంటి పురుడు వేరు. దాని వెనక ఒక పెద్ద ఏర్పాటు వుంది. ఆ ఏర్పాటు వుందా లేదా, అమ్మాయి ఆరోగ్యం దానికి సరిపోతుందా లేదా అన్నదే మీరు చూసుకోవలసింది. ‘వద్దంటే వద్దు’ అని పోట్లాడేకంటే, అడగాల్సినవి అడగడం మేలు.

ఎవరీ మిడ్‌వైఫ్?

మన పాత మంత్రసాని అనుభవంతో పని నేర్చుకున్న మనిషి. అక్కడి మిడ్‌వైఫ్ మామూలుగా మూడేళ్ళ డిగ్రీ చదివి, ప్రభుత్వ చట్టం కింద పేరు నమోదు చేసుకున్న ఉద్యోగిని. అక్కడి ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్.హెచ్.ఎస్.లో గర్భిణులకు మొదటినుంచీ ఎక్కువగా కనిపించేది ఈమే. అంతా సవ్యంగా వుంటే కాన్పు చేసేదీ ఈమే. చిక్కు వస్తేనే డాక్టరు దగ్గరికి పంపుతుంది. అందుచేత ‘డాక్టరు చూడకుండా ఎలా?’ అని హడలిపోకండి.

ఇంటి కాన్పుకి వచ్చేటప్పుడు ఈమె ఉత్త చేతులతో రాదు. నొప్పి ఓర్చుకోవడానికి పీల్చే ‘గ్యాస్ అండ్ ఎయిర్’ సిలిండరు, బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న యంత్రం, రక్తస్రావం ఆపే ఇంజక్షను, బిడ్డ ఊపిరి అందుకోకపోతే సాయం చేసే పరికరాలు, కుట్లకి కావలసిన సామాను తెచ్చుకుంటుంది. బిడ్డ బయటపడే వేళకి మామూలుగా రెండో మిడ్‌వైఫ్ కూడా వస్తుంది, తల్లినొకరు, బిడ్డనొకరు చూసుకోవడానికన్నమాట.

ఒక్కటి మాత్రం ఇంట్లో దొరకదు. వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తు. అది కావాలంటే ఆస్పత్రికే వెళ్ళాలి.

ఎవరికి తగదు?

అమ్మాయిని నెమ్మదిగా ఈ ప్రశ్నలు అడగండి. కవలలా? బిడ్డ అడ్డంగా గానీ, ఎదురుకాళ్ళతో గానీ వుందా? బీపీ పెరిగిందా? షుగరు వుందా? రక్తహీనత ఎక్కువగా వుందా? మాయ కిందికి వుందన్నారా? ఇదివరకు సిజేరియన్ అయిందా? కిందటి కాన్పులో రక్తస్రావం ఎక్కువైందా? ఇలాంటివాటిలో ఏ ఒక్కటున్నా అక్కడివాళ్ళు ఆస్పత్రే మంచిదని సలహా ఇస్తారు. 37 వారాలు నిండకుండా నొప్పులొచ్చినా, 42 వారాలు దాటినా అంతే.

మొదట్లో అంతా బాగుండి, ఎనిమిదో నెలలో బీపీ పెరగవచ్చు. అప్పుడు ఇంటి పురుడు ఆలోచన మానుకోవలసిందే. ‘ముందే అనుకున్నాం కదా’ అన్న పట్టుదల పనికిరాదు.

తొలిచూలా? రెండో కాన్పా?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఇంగ్లండులో 64 వేలకు పైగా కాన్పులను పరిశీలించి 2011లో ఒక పెద్ద అధ్యయనం ప్రకటించారు. అన్నీ ప్రమాదం తక్కువగా వున్న కాన్పులే. రెండోసారి, మూడోసారి కనేవాళ్ళు ఇంట్లో కనాలనుకున్నా, ఆస్పత్రిలో కనాలనుకున్నా బిడ్డల క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా ఇల్లు ఎంచుకున్నవాళ్ళకి సిజేరియన్లు, ఇతర కోతలు తగ్గాయి.

తొలిచూలు ఆడవాళ్ళ సంగతి మాత్రం వేరుగా తేలింది. బిడ్డకి తీవ్రమైన చిక్కు వచ్చిన సందర్భాలు డాక్టర్లుండే ఆస్పత్రిలో వెయ్యికి సుమారు 5 అయితే, ఇంటిని ఎంచుకున్నవాళ్ళలో సుమారు 9. రెండూ చిన్న అంకెలే, కానీ తేడా తేడానే. ఇంకో సంగతి, తొలి కాన్పు ఇంట్లో అనుకున్నవాళ్ళలో నూటికి 45 మందిని మధ్యలోనో, పురుడయిన వెంటనేనో ఆస్పత్రికి తరలించవలసి వచ్చింది. రెండో కాన్పు, ఆపైవాళ్ళలో అది సుమారు 12 మందే.

మీ అమ్మాయిది తొలిచూలయితే ఈ లెక్క తప్పకుండా చెప్పండి. మధ్యేమార్గం ఒకటుంది కూడా. ఆస్పత్రి ఆవరణలోనే మిడ్‌వైఫ్‌లు నడిపే పురిటి కేంద్రాలున్నాయి. గది ఇల్లులాగే వుంటుంది, నీళ్ళ తొట్టి వుంటుంది, అవసరమైతే డాక్టరు పక్క వార్డులోనే వుంటారు. అక్కడ తొలిచూలు బిడ్డలకి కూడా ముప్పు పెరిగినట్టు ఆ అధ్యయనంలో కనబడలేదు.

నెలనెలా ఏర్పాట్లు

పదో వారంలోగా మిడ్‌వైఫ్‌తో మొదటి భేటీ అయిపోవాలి. ఇంట్లో కనాలన్న కోరిక అప్పుడే చెప్పొచ్చు, తరువాతైనా చెప్పొచ్చు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు కూడా. స్కానింగులు, రక్తపరీక్షలు అందరికీ వున్నట్టే వుంటాయి. సుమారు 36వ వారంలో మిడ్‌వైఫ్ ఇంటికొచ్చి గది, మెట్లు, వెలుతురు చూసి వెళ్తుంది. మీరప్పటికి అక్కడ వుంటే కూర్చుని వినండి, మీ సందేహాలు అమ్మాయి చేత అడిగించండి. ముఖ్యంగా ఈ నాలుగూ:

1. రాత్రి రెండింటికి నొప్పులొస్తే ఏ నంబరుకి చెయ్యాలి? ఎంతసేపట్లో వస్తారు?

2. ఆ రోజు మిడ్‌వైఫ్‌లు ఖాళీ లేకపోతే ఏం చెయ్యాలి? (ఒక్కోసారి ‘ఆస్పత్రికే రండి’ అంటారు. ముందే తెలిసివుండాలి.)

3. ఇక్కణ్ణించి ఆస్పత్రికి ఎంతసేపు? ట్రాఫిక్ వేళలో ఎంతసేపు?

4. ఏ ఏ లక్షణాలు కనిపిస్తే తరలిస్తారు?

ఇంట్లో సర్దుకోవలసినవి

ఇది మనకి చేతనైన పని. పరుపు మీద, తివాచీ మీద పరచడానికి ప్లాస్టిక్ షీట్లు, వాటిమీద వెయ్యడానికి పాత దుప్పట్లు, చాలినన్ని పాత తువ్వాళ్ళు. తువ్వాళ్ళు కొన్ని హీటరు మీద వెచ్చబెట్టి వుంచితే బిడ్డని తుడవడానికి పనికొస్తాయి. అక్కడి చలికి గది వెచ్చగా వుండటం చాలా ముఖ్యం. మిడ్‌వైఫ్‌కి కుట్లు కనబడేలా మంచి దీపం ఒకటి, చెత్తకి పెద్ద సంచులు. నీళ్ళ తొట్టి అద్దెకు తెచ్చుకుంటే దాని బరువు గది మోస్తుందో లేదో కనుక్కోవాలి.

ఇంట్లో పురుడే కదా అని ఆస్పత్రి సంచి సర్దడం మానకండి. తల్లి బట్టలు, బిడ్డ బట్టలు, కాగితాలు, ఫోన్ ఛార్జరు గుమ్మం పక్కనే వుండాలి. కారులో బిడ్డ సీటు బిగించి వుండాలి. మిడ్‌వైఫ్ నంబరు, ఆస్పత్రి నంబరు, అత్యవసరమైతే 999 - మూడూ ఫ్రిజ్ మీద అంటించండి. పెద్దపిల్ల వుంటే ఆ రాత్రి ఎవరు చూసుకుంటారో ముందే అనుకోండి.

ఇంకోమాట. గ్యాస్ సిలిండరు వున్న గదిలో దీపారాధన, అగరొత్తులు, సాంబ్రాణి వద్దే వద్దు. నిప్పు పెద్దదయ్యే ప్రమాదం వుంది. దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకోండి చాలు.

ఆ రోజు మీ పని

నొప్పులు మొదలైన మొదటి గంటల్లో అమ్మాయిని కాస్త నడవనివ్వండి. నడుం రాయండి, మంచినీళ్ళు అందించండి, తినాలనిపిస్తే మెత్తటి అన్నమో, ఇడ్లీయో పెట్టండి. ‘ఇంకా ఎంతసేపు?’ అని నిమిషనిమిషానికీ అడగకండి. మిడ్‌వైఫ్ పావుగంటకోసారి బిడ్డ గుండె వింటుంది, బిడ్డ దిగే సమయానికి అయిదు నిమిషాలకోసారి వింటుంది. అల్లుణ్ణి బయటికి పంపెయ్యకండి, అక్కడ భర్త పక్కనుండటం మామూలే. బిడ్డ పుట్టగానే తల్లి గుండెల మీద పడుకోబెడతారు. బొడ్డు కనీసం ఒక నిమిషం ఆగి కోస్తారు. స్నానం ఎప్పుడని తొందరపెట్టకండి.

‘ఆస్పత్రికి పదండి’ అంటే

అన్నిటికన్నా ఇది గట్టిగా గుర్తుంచుకోండి. ఉమ్మనీరు పచ్చగా మారినా, బిడ్డ గుండె తేడాగా కొట్టుకున్నా, కాన్పు ముందుకు సాగకపోయినా, రక్తం ఎక్కువ పోయినా, మాయ పడకపోయినా మిడ్‌వైఫ్ అంబులెన్సు పిలుస్తుంది, అమ్మాయితో పాటే వెళ్తుంది. ఆ క్షణాన ‘ఇంకాసేపు చూద్దాం’ అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. అమ్మాయి ఏడ్చినా, ఓడిపోయానని బాధపడినా, ‘ఎక్కడైతేనేం తల్లీ, మీరిద్దరూ బాగుండాలి’ అని మీరే బయల్దేరదియ్యండి. ఆ మాటకి అమ్మ కంటే తగినవాళ్ళెవరు?

పురుడయ్యాక

మర్నాడు, అయిదోరోజు, మొత్తమ్మీద పదిరోజుల వరకూ మిడ్‌వైఫ్ సంరక్షణ వుంటుంది. అయిదోరోజు బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి పరీక్షకి పంపుతారు. 42 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి.

మన అలవాట్లలో బిడ్డకి తేనె నాకించడం, నోట్లో ఆముదం పొయ్యడం మానండి. ఏడాది లోపు బిడ్డకి తేనె ప్రమాదం. ముర్రుపాలు మాత్రం ఒక్క చుక్కా పారబొయ్యనివ్వకండి. బిడ్డని దిండు లేకుండా, వెల్లకిలా, తన మంచంలో పడుకోబెట్టాలి. బాలింతకి పథ్యం పేరిట నీళ్ళు తగ్గించకండి. వెల్లుల్లి కారం, మెంతికూర పప్పు, సొరకాయ కూర కమ్మగా పెట్టండి. కాయం పెట్టేముందు అందులో ఏమేం దినుసులున్నాయో మిడ్‌వైఫ్‌కో డాక్టరుకో చెప్పి అడగండి. ఇక్కణ్ణించి నెయ్యి, పాలకోవా పట్టుకెళ్ళకండి. మన దేశం నుంచి పాల పదార్థాలు అక్కడికి తేనివ్వరు. నెయ్యి అక్కడే దొరుకుతుంది.

మరి మన వూళ్ళో?

ఇది చదివి ‘మనమూ ఇంట్లోనే కందాం’ అనుకునేరు సుమా! అక్కడి ఇంటి పురుడు వెనక ఇద్దరు శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు, మందులు, ఎదురుచూసే ఆస్పత్రి వున్నాయి. ఇంటింటికీ అలాంటి ఏర్పాటు ఇక్కడ లేదు. 2018లో తమిళనాడులో వీడియోలు చూసి ఇంట్లో కాన్పు చేసుకోబోయిన ఒక తల్లి రక్తస్రావంతో ప్రాణం పోగొట్టుకుంది.

ఇంట్లో కనాలన్న కోరిక ఎందుకొస్తుందో మాత్రం మనకీ అర్థమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. దయగా మాట్లాడే మనిషి పక్కనుంటే చాలనిపించే సమయం అది. అది ఆస్పత్రిలోనే దొరికే దారులు వస్తున్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడు ఆడమనిషిని రానివ్వడానికి కేంద్రం 2016లో అనుమతించింది. తెలంగాణలో 2017లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది, 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఇంట్లో గర్భిణి వుంటే ఆస్పత్రి ఎంచుకునేటప్పుడే అడగండి. ఇక్కడ మిడ్‌వైఫ్ వున్నారా? నేను పక్కన వుండొచ్చా? నొప్పుల్లో నడవనిస్తారా? సిజేరియన్ ఏ కారణాలకి చేస్తారు? నొప్పులు మొదలయ్యాక అడిగే తీరిక వుండదు కనుక, ఏడో నెలలోనే ఒకరోజు వెళ్ళి అడిగిరండి.