రైలు బోగీలో విద్యుత్ లోపాలను కనుక్కోవడం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• రైలు బోగీకి విద్యుత్తు ఏయే మార్గాల్లో అందుతుందో వివరించగలుగుతారు.
• లోపం లక్షణాన్ని బట్టి అది వలయంలో ఎక్కడ ఉందో ఊహించగలుగుతారు.
• ఓమ్ నియమాన్ని ఉపయోగించి వదులు కలయిక ఎందుకు ప్రమాదకరమో లెక్కించగలుగుతారు.
• రెండు దీపాల పరీక్షతో భూసంపర్క లోపాన్ని గుర్తించే పద్ధతిని తెలపగలుగుతారు.

7.1 పరిచయం

ఇంట్లో కరెంటు పోతే మనం ముందుగా పక్కింటి వైపు చూస్తాం. అక్కడ దీపం వెలుగుతుంటే లోపం మన ఇంట్లోనే ఉందని తెలుస్తుంది. అక్కడ కూడా చీకటిగా ఉంటే లైనులోనో, ట్రాన్స్‌ఫార్మర్‌లోనో లోపం ఉందనుకుంటాం. లోపాన్ని వెదకడంలో మొదటి సూత్రం ఇదే: లోపం ఎక్కడ లేదో ముందు తేల్చుకోవాలి.

కదిలే బండిలో ఈ పని కొంత కష్టం. సాధారణ బోగీకి వీధి స్తంభం నుంచి తీగ రాదు. అది తన విద్యుత్తును తానే తయారుచేసుకుని, తానే నిల్వ చేసుకుని, తానే వాడుకోవాలి. సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు ఏర్పడింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఆవిర్భవించింది. ఇక్కడి నుంచి బయలుదేరే బండిలో రాత్రంతా ఫ్యాను తిరగడం మామూలు విషయంగానే కనిపిస్తుంది. కాని ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా డెబ్బై మందికి పైగా ప్రయాణికులు చీకట్లో, ఉక్కలో కూర్చోవలసి వస్తుంది. లోపాన్ని తప్పుగా సరిచేస్తే నిప్పు కూడా అంటుకోవచ్చు.

7.2 బోగీకి విద్యుత్తు వచ్చే మార్గాలు

మొదటిది స్వయం ఉత్పాదన పద్ధతి. బోగీ కింద ఒక ఆల్టర్నేటర్ ఉంటుంది. ఇరుసు తిరిగినప్పుడు వి-ఆకారపు బెల్టులు దానిని తిప్పుతాయి. అందులో పుట్టిన ఏకాంతర విద్యుత్తును రెక్టిఫైయర్-రెగ్యులేటర్ ఏకముఖ విద్యుత్తుగా మార్చి, వోల్టేజిని అదుపులో ఉంచుతుంది. సాధారణ బోగీల్లో ఆల్టర్నేటర్ సామర్థ్యం 4.5 కిలోవాట్లు, బ్యాటరీ 110 వోల్టులు, 120 ఆంపియర్-గంటలు. ఎ.సి. బోగీల్లో 25 కిలోవాట్ల ఆల్టర్నేటర్లు, 1100 ఆంపియర్-గంటల బ్యాటరీలు వాడతారు. అక్కడ ఇన్వర్టర్ ఏకముఖ విద్యుత్తును 415 వోల్టుల మూడు ఫేజుల విద్యుత్తుగా మార్చి ఎ.సి. యంత్రానికి ఇస్తుంది.

రెండవది చివరి ఉత్పాదన పద్ధతి. ఎల్.హెచ్.బి. బండ్లలో చివర ఉండే పవర్ కారులోని డీజిల్ జనరేటర్లు 750 వోల్టుల విద్యుత్తును అన్ని బోగీలకూ పంపుతాయి. మూడవ పద్ధతిలో ఇంజను పైతీగ నుంచి తీసుకునే 25 కిలోవోల్టుల విద్యుత్తులో కొంత భాగాన్ని మార్చి బోగీలకు ఇస్తుంది. దీనివల్ల డీజిల్ ఆదా అవుతుంది, శబ్దం తగ్గుతుంది.

విదేశాల్లో కారు వెనుక తగిలించుకుని వెళ్లే ట్రావెల్ ట్రైలర్‌లోనూ ఇదే అమరిక చిన్న స్థాయిలో కనిపిస్తుంది: 12 వోల్టుల బ్యాటరీ, దానిని చార్జి చేసే పరికరం, ఫ్యూజుల పెట్టె, దీపాలు. అందువల్ల బోగీలో నేర్చుకున్న వరుస అక్కడ కూడా పనికొస్తుంది. ఈ భాగంలో మనం స్వయం ఉత్పాదన పద్ధతినే పరిశీలిద్దాం.

7.3 లక్షణం నుంచి లోపానికి

విద్యుత్తు ప్రయాణించే వరుసను గుర్తుంచుకోండి: ఇరుసు, బెల్టు, ఆల్టర్నేటర్, రెగ్యులేటర్, బ్యాటరీ, ప్రధాన ఫ్యూజు, శాఖా వలయాలు, దీపం లేదా ఫ్యాను. ఇప్పుడు లక్షణాలను చూద్దాం.

(అ) ఒక్క ఫ్యాను మాత్రమే తిరగడం లేదు. మిగతావన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి బ్యాటరీని, ఆల్టర్నేటర్‌ను అనుమానించనక్కరలేదు. లోపం ఆ ఫ్యానులోనో, దాని స్విచ్చిలోనో, దానికి వెళ్లే తీగలోనో ఉంది.

(ఆ) దీపాలు వెలుగుతున్నాయి, ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. దీపాలకు, ఫ్యాన్లకు వేర్వేరు శాఖా వలయాలు ఉంటాయి. ఫ్యాన్ల వలయపు ఫ్యూజును లేదా ఎం.సి.బి.ని చూడాలి.

(ఇ) బండి నడుస్తుంటే దీపాలు బాగా వెలుగుతాయి, ఆగగానే ఆరిపోతాయి. ఆల్టర్నేటర్ పనిచేస్తోంది, బ్యాటరీ నుంచి మాత్రం విద్యుత్తు రావడం లేదు. బ్యాటరీ ఫ్యూజు, సెల్లుల మధ్య కలుపు పట్టీలు, సెల్లుల స్థితి పరీక్షించాలి.

(ఈ) బయలుదేరినప్పుడు అంతా బాగుంది, కొన్ని గంటల తరువాత బండి వేగంగా నడుస్తున్నా దీపాలు మసకబారాయి. బ్యాటరీ మంచిదే, కాని దానికి చార్జి అందడం లేదు. బెల్టు తెగి ఉండవచ్చు, వదులై జారుతుండవచ్చు, రెగ్యులేటర్ చెడిపోయి ఉండవచ్చు.

(ఇ), (ఈ) మధ్య తేడాను జాగ్రత్తగా గమనించండి. రెండింటిలోనూ ప్రయాణికుల ఫిర్యాదు ఒక్కటే: "లైట్లు లేవు". ఎప్పుడు పోయాయని అడిగితేనే లోపం బయటపడుతుంది. వోల్టు మీటరు కూడా ఇదే చెబుతుంది. 56 సెల్లుల బ్యాటరీలో ఒక్కో సెల్లుకు 2.25 వోల్టుల చొప్పున చార్జి చేయాలంటే 126 వోల్టులు కావాలి. బండి వేగంగా నడుస్తున్నప్పుడు మీటరు ఆ దరిదాపుల్లో ఉంటే చార్జి అవుతున్నట్లు. 110 దగ్గర మొదలై దిగుతూ పోతుంటే బ్యాటరీ ఖర్చవుతున్నట్లే.

ఉదాహరణ: ఒక బోగీలో మొత్తం భారం 1650 వాట్లు అనుకుందాం. 110 వోల్టుల వద్ద ప్రవాహం 1650 ÷ 110 = 15 ఆంపియర్లు. 120 ఆంపియర్-గంటల బ్యాటరీలో 80 శాతం వాడుకోగలిగితే 96 ÷ 15 = 6.4 గంటలు. అంటే సాయంత్రం సికింద్రాబాద్ దాటాక బెల్టు తెగితే, ఆ సంగతి ప్రయాణికులకు అర్ధరాత్రికి గాని తెలియదు.

7.4 వదులు కలయిక, వేడి

ఫ్యూజు బాగుంది, బ్యాటరీ బాగుంది, అయినా దీపాలు మసకగా ఉన్నాయి. అప్పుడు కలయికలను అనుమానించాలి. బండి కుదుపులకు నట్లు వదులవుతాయి, ఆమ్లపు ఆవిరికి టెర్మినళ్లు తుప్పు పడతాయి.

ఒక కలయిక వద్ద నిరోధం 0.1 ఓమ్, ప్రవాహం 40 ఆంపియర్లు అనుకోండి. అక్కడ తగ్గే వోల్టేజి 40 × 0.1 = 4 వోల్టులు మాత్రమే. పుట్టే వేడి మాత్రం 40 × 40 × 0.1 = 160 వాట్లు. వేలెడంత చోట అంత వేడి పుడితే తీగ తొడుగు కరుగుతుంది. ఇక్కడ ప్రవాహం పరిమితి దాటలేదు కాబట్టి ఫ్యూజు కాలదు. ఫ్యూజు ఉందన్న ధైర్యంతో వదులు నట్టును వదిలేయకూడదని ఈ లెక్క చెబుతోంది. కాలిన ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టడం ఇంకా ప్రమాదం. అప్పుడు ఫ్యూజుకు బదులు బోగీలోని తీగలే కాలుతాయి.

7.5 రెండు దీపాల పరీక్ష

ట్రావెల్ ట్రైలర్‌లో బ్యాటరీ రుణ ధ్రువాన్ని సాధారణంగా బండి చట్రానికి కలుపుతారు. మన బోగీల 110 వోల్టుల వలయంలో ధన, రుణ ధ్రువాలు రెండింటినీ చట్రానికి తగలనీయరు. ఒక తీగ తొడుగు చెడి చట్రానికి తగిలినా వెంటనే నష్టం ఉండదు. కాని రెండవ ధ్రువం కూడా తగిలితే చట్రం గుండా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కాబట్టి రెండవ లోపం రాకముందే మొదటిదాన్ని పట్టుకోవాలి.

ఇందుకు ఒకే రకమైన రెండు దీపాలను శ్రేణిలో కలిపి, రెండు చివరలను ధన, రుణ ధ్రువాలకు తగిలిస్తారు. మధ్య బిందువును చట్రానికి తాకిస్తారు. రెండు దీపాలూ సమానంగా వెలిగితే లోపం లేదు. ఒకటి మసకబారి, రెండవది ప్రకాశిస్తే, మసకబారిన దీపం వైపు ధ్రువం చట్రానికి తగులుతోంది. తరువాత శాఖా వలయాలను ఒక్కొక్కటిగా ఆపుతూ పోవాలి. ఏ వలయాన్ని ఆపినప్పుడు దీపాలు సమానమవుతాయో లోపం ఆ వలయంలో ఉంది.

7.6 జాగ్రత్తలు

చార్జి అవుతున్న సీసపు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడవచ్చు. బ్యాటరీ పెట్టె దగ్గర అగ్గిపుల్ల, బీడీ పనికిరావు. ఏకాంతర ప్రవాహం ప్రతి ఆవృత్తిలో రెండుసార్లు సున్నా అవుతుంది. ఏకముఖ ప్రవాహం అలా కాదు, అందుకే దాని నిప్పురవ్వ తేలిగ్గా ఆరదు. ఈ పరీక్షలు శిక్షణ పొందిన సిబ్బంది చేయవలసినవి. ప్రయాణంలో మీరు ప్యానెల్ తెరవవద్దు. 139కి ఫోన్ చేసి బోగీ సంఖ్యతోపాటు, దీపాలు ఎప్పుడు పోయాయో, అప్పుడు బండి నడుస్తోందో ఆగి ఉందో చెప్పండి. ఆ ఒక్క మాట సిబ్బంది వెదకవలసిన చోటును సగానికి తగ్గిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దీపాలు వేసి ఉండగా ఒక శాఖా ఫ్యూజు రెండు చివరల మధ్య వోల్టు మీటరు పెడితే 110 వోల్టులు చూపింది. ఫ్యూజు మంచిదా, కాలినదా?
2. రెండు దీపాల పరీక్షలో ధన ధ్రువం వైపు దీపం పూర్తిగా ఆరిపోయింది. మీరు ఏమి గ్రహిస్తారు?

జవాబులు: 1. కాలినది. మంచి ఫ్యూజు నిరోధం అతి స్వల్పం కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపాలి. 2. ధన ధ్రువం నేరుగా చట్రానికి తగిలింది.

7.7 సారాంశం

బోగీ విద్యుత్ వ్యవస్థ ఉత్పాదన, నిల్వ, పంపిణీ, వినియోగం అనే నాలుగు లంకెల గొలుసు. లోపం ఒక్క పరికరానిదా, ఒక్క వలయానిదా, బోగీ మొత్తానిదా అని ముందు తేల్చుకోవాలి. బండి నడిచేటప్పుడు, ఆగినప్పుడు ఉండే తేడా లోపం బ్యాటరీదో ఆల్టర్నేటర్‌దో తెలుపుతుంది. ఫ్యూజు కాలితే, కొత్తది వేసే ముందు అది ఎందుకు కాలిందో కనుక్కోవాలి.