ఒకే మాత్ర, వేరువేరు ఫలములు

విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టుకు పోవువారికి పసుపుకొమ్ములు క్రొత్త సరకు కాదు. వాపుమీద పసుపు పట్టు వేయుట మన ఇండ్లలో అలవాటే. అదే వాపునకు, నొప్పికి మందుల అంగడిలో ఆస్పిరిన్ దొరకును. ఈ రెంటికిని పెద్దప్రేవు కేన్సరుతో ఏమి సంబంధమని మీరడుగవచ్చును.

అమెరికాలో పరిశోధనలు సలిపిన బండారు ఎస్. రెడ్డి, చింతలపల్లి వి. రావుగార్లు (ఇంటిపేరులు మనకు పరిచితములే) తమ సహచరులతో 1993లో ఆస్పిరిన్‌ను, 1995లో పసుపులోని కర్‌క్యుమిన్‌ను ఎలుకల ఆహారమున కలిపి చూచిరి. రెండును ప్రేవులోని కంతులను తగ్గించినవి. కూరలో వేయు చిటికెడు పసుపు ఆ మోతాదుకు చాలదు సుమా!

దెబ్బతిన్నచోట శరీరము ప్రోస్టాగ్లాండిన్లను పుట్టించును. వాపునకు కారణమైన ఈ పదార్థములే ప్రేవు లోపలిపొరలో మితిమీరినచో కణములు విచ్చలవిడిగా పెరుగును. ఆస్పిరిన్ వీని ఉత్పత్తిని అడ్డగించునని 1971లో జాన్ వేన్ చూపెను.

కొన్ని కుటుంబములలో తండ్రికి, మేనత్తకు, అన్నకు చిన్నవయసుననే ఈ వ్యాధి వచ్చును. కణము రెండుగా చీలునప్పుడు జన్యులిపిలో దొరలు తప్పులను దిద్దవలసిన జన్యువే చెడియుండుట ఇందుకొక కారణము. దీనిని లించ్ సిండ్రోమ్ అందురు. అట్టివారు 861 మందిలో 427 మందికి దినమునకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, తక్కిన 434 మందికి మందులేని ఉత్తి మాత్ర ఇచ్చిరి. 2020లో ప్రకటితమైన లెక్క ప్రకారము మొదటివారిలో 40 మందికి, రెండవవారిలో 58 మందికి వ్యాధి వచ్చెను. మాత్రలు మింగినది కొలది ఏండ్లే. రక్షణ మాత్రము చిరకాలము నిలిచెను.

ఇది విని మాత్రలు కొనబోవువారు మరియొక సంగతి వినవలెను. 2015లో వెల్లడియైన పరిశీలనలో వ్యాధిగల 8,634 మంది జన్యువులను, వ్యాధిలేని 8,553 మంది జన్యువులతో పోల్చిరి. మొత్తముమీద ఇట్టి మందులు వాడువారిలో వ్యాధి తక్కువే. కాని 12వ క్రోమోజోముపై ఒక్క అక్షరము మారిన నూటికి నలుగురిలో, మందు వాడినవారియందే వ్యాధి ఎక్కువగా కనబడెను. 15వ క్రోమోజోముపై వేరొక మార్పుగల నూటికి తొమ్మండుగురికి లాభమే లేదు. వీరందరును ఐరోపా సంతతివారు గనుక ఆ లెక్కను మనకు యథాతథముగా అన్వయింపరాదు.

పైగా ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావము కలిగింపగలదు. కావున బజారునుండి వచ్చుచు చీటి లేకయే మాత్రలు కొనుటకంటె, ఏ బంధువునకు ఏ వయసున వ్యాధి వచ్చెనో కాగితముపై వ్రాసికొని వైద్యుని చూచుట మేలు. మలములో రక్తము కనబడినను మొలలేయని ఊరకుండువారు మనలో పెక్కుమంది. వారును ఆ కాగితముతోనే పోవలెను.