బట్టల మెత్తదనమునకు ఇంటి మార్గములు

బట్ట మెత్తగా ఉండుట వేరు, బట్టపై మెత్తని పూత ఉండుట వేరు. ఈ భేదమును గమనింపకనే మన ఇండ్లలో ఉతుకు పొడి ప్రక్కన ఫ్యాబ్రిక్ కండిషనర్ అను పరిమళ ద్రవము వచ్చి చేరినది. దురదతో, దద్దురులతో వచ్చిన వారిని నేను మొదట అడుగు ప్రశ్న "బట్టలెట్లు ఉతుకుచున్నారు?" అనియే. వ్యాధికి కారణమైనదానిని విడుచుటయే చికిత్సలో మొదటి మెట్టు. దీనినే ఆయుర్వేదము నిదాన పరివర్జనమన్నది.

ఆ ద్రవము చేయు పని

ఈ ద్రవములలోని ముఖ్య రసాయనములకు ధన విద్యుదావేశముండును. తడిసిన నూలు పోగుకు ఋణావేశముండును. కావున అవి పోగును పట్టుకొని కొవ్వు వంటి పలుచని పొరగా నిలిచిపోవును. చేతికి తగులు నునుపు ఆ పొరదే. తువాలు నీటిని పీల్చకుండ అడ్డుపడునది కూడ ఆ పొరయే. నూగు ఎక్కువగానున్న బట్టలకు నిప్పు త్వరగా అంటుకొను గుణము దీనివలన పెరుగును. ఇక అందులోని సువాసన ద్రవ్యములు కొందరి చర్మమునకు సరిపడవు. ఉబ్బసము గలవారికి ఆ ఘాటు దగ్గును రేపవచ్చును.

చరక సంహిత సూత్రస్థానములో నిర్మలమైన వస్త్రధారణము ఆయుష్షును, సంతోషమును పెంచునని చెప్పబడినది. శారీరస్థానములో పసిబిడ్డ పక్కబట్టలు, కప్పుగుడ్డలు మృదువుగా, తేలికగా, శుచిగా ఉండవలెననియు, చెమట, మలము అంటినవానిని తీసివేయవలెననియు, వేరే లేనిచో వానినే చక్కగా ఉతికి, ఆరవేసి వాడవలెననియు ఉన్నది. మృదుత్వమును శుచిత్వముతో కలిపి చెప్పుట ఇందులో గ్రహింపదగిన విషయము.

బట్ట ఎందుకు బిరుసెక్కును?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో పలుచోట్ల బోరు నీరు కఠినజలము. దానిలోని సున్నపు, మెగ్నీషియం లవణములు సబ్బుతో కలిసి, కరగని తెట్టెగా మారి పోగుల నడుమ చిక్కుకొనును. దిగువ మానేరు జలాశయపు నీటితోను, బోరు నీటితోను ఒకే సబ్బును రుద్ది చూచిన గృహిణికి నురగలో తేడా వెంటనే తెలియును. పొడి ఎక్కువ వేసి, జాడించుట తగ్గించినచో క్షారము బట్టలోనే మిగిలి బిరుసును, దురదను కలిగించును. కాబట్టి మొదటి ఉపాయమునకు ఖర్చు లేదు: పొడి తగ్గించి, మరొక్కసారి జాడించవలెను.

కుంకుడు రసము

సంస్కృతములో కుంకుడును అరిష్టకమనియు, నురగనిచ్చునది కావున ఫేనిలమనియు అందురు. దాని పొట్టులోని సాపోనిన్ సున్నపు నీటిలో కూడ తెట్టె కట్టదు. పట్టుచీరలకు, ఉన్ని బట్టలకు పెద్దలు కుంకుడునే వాడుటకు కారణమిదియే. ఘాటైన క్షారము పట్టును, ఉన్నిని చెరచును. కుంకుడుకు ఆ దోషము లేదు.

గింజలు తీసిన 8 లేక 10 కాయల పొట్టును అర లీటరు వేడినీటిలో రాత్రి నానవేయవలెను. ఉదయము పిసికి, పలుచని గుడ్డలో వడకట్టి అర బకెట్ నీటిలో కలుపవలెను. బట్టలను 20 నిమిషములు నానబెట్టి, మెల్లగా పిసికి, రెండుసార్లు జాడించవలెను. రసము నిలువ ఉండదు, కావున ఏనాటిదానిని ఆనాడే వాడవలెను. తెల్లబట్టలకు లేత పసుపు ఛాయ పట్టవచ్చును గనుక దీనిని రంగు బట్టలకే వాడుట మేలు. రసము కంట పడనీయరాదు. ఇది చేపలకు విషము, కావున కుంటలలో, చెరువులలో పారబోయరాదు.

వెనిగర్

పొడితో ఉతికిన నూలుబట్టలకు, తువాళ్లకు ఇది తగినది. చివరి జాడింపులో 10 లీటర్ల నీటికి 100 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి, బట్టలను 5 నిమిషములు ఉంచి పిండవలెను. ఆ పులుపు మిగిలిన క్షారమును విరిచి, సున్నపు తెట్టెను కరిగించును. బట్ట ఆరిన పిదప వాసన ఉండదు. దీనితో వంటసోడా కలుపరాదు, ఒకదాని గుణమును మరొకటి చంపివేయును. బ్లీచింగ్ ద్రవముతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. వాషింగ్ మెషీన్‌లో ప్రతిసారి పోసినచో రబ్బరు భాగములు చెడవచ్చును. అప్పుడప్పుడు చాలును.

ఆరవేయు పద్ధతి

పిండిన బట్టను గట్టిగా విదిలించి, ముడుతలు తీసి ఆరవేయవలెను. మన వేసవి ఎండలో రోజంతా వదలినచో నూలుబట్ట అట్టవలె బిగియును. కొంత ఎండ, కొంత గాలి తగిలిన పిదప నీడకు మార్చి, తీయునపుడు మరల విదిలించినచో పోగులు విడివడును. పసిపిల్లల గుడ్డలు మాత్రము ఎండలో పూర్తిగా ఆరవలెను, తడి మిగులరాదు.

ఇప్పటికే పూత పట్టిన తువాళ్లను వేడినీటిలో కొద్ది పొడితో ఒకటి రెండు సార్లు ఉతికి, వెనిగర్ నీటిలో జాడించినచో నీరు పీల్చు గుణము చాలవరకు తిరిగి వచ్చును. ఇంట్లో ఎవరికైనను దురద ఉన్నచో రెండు వారములు పరిమళ ద్రవమును మాని చూడుడు. అప్పటికిని తగ్గనిచో, లేక దద్దురులనుండి రసి కారుచున్నచో, ఇంటి ఉపాయములతో కాలము గడపక వైద్యునికి చూపుడు.