నీచు అనకండి... చేప మేలు తెలుసుకోండి!

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. ఆ భాగ్యం మనం తినే తిండిలోనే ఉంది. ఈ వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి చాలామంది రాస్తారు. మేము మాత్రం చేప గురించి రాయదలచుకున్నాం. దానికో కారణం ఉంది.

సంక్రాంతి సెలవుల తర్వాత హాస్టల్‌కి తిరిగి వచ్చేటప్పుడు మాలో చాలామందికి అమ్మ ఎండు నెత్తళ్ళు వేయించి సీసాలో పోసి ఇస్తుంది. ఆ సీసాను ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచుకునేవాళ్ళం. బడిలో మధ్యాహ్నం మూత తీస్తే చాలు, "అబ్బా, నీచు కంపు!" అంటూ పక్కవాళ్ళు ముక్కు మూసుకుని దూరంగా జరిగేవారు. ఆ సిగ్గుతో మాలో ఒకడు సీసా మొత్తం బడి వెనుక పారబోశాడు. రాత్రి పడుకునే ముందు, "మా అమ్మ కూలి డబ్బుతో కొన్నదిరా" అని ఏడ్చాడు. సంగతి తెలిసిన మా సైన్సు మాస్టారు, "మీరు పారబోసింది కంపు కాదురా, బలం" అన్నారు. ఆ మాట పట్టుకుని మేము అడిగి, చదివి తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం.

పెస్కటేరియన్ అంటే ఎవరు?

శాకాహారంతోపాటు చేపలు, రొయ్యలు వంటివి తింటూ, కోడి, మేక మొదలైన మాంసం ముట్టని వారిని పెస్కటేరియన్లు అంటారు. వీరిలో చాలామంది పాలు, గుడ్లు కూడా తీసుకుంటారు. పేరు కొత్తదే గాని అలవాటు పాతదే. బెంగాలులో బ్రాహ్మణులు సైతం తరతరాలుగా చేప తింటున్నారు. మన పల్లెల్లో మృగశిర కార్తె వచ్చిందంటే చాలా ఇళ్ళలో చేపల పులుసు ఉడకాల్సిందే. కాబట్టి చేప తినడంలో తక్కువతనం ఏమీ లేదు.

చేపలో ఏముంది?

మొదటిది మాంసకృత్తులు. వంద గ్రాముల చేపలో సుమారు 16 నుంచి 20 గ్రాముల వరకు ఉంటాయి. ఎదిగే వయసులో కండకు ఇవి అవసరం. రెండవది బి12 విటమిన్. ఇది ఆకుకూరల్లో, పప్పుల్లో దొరకదు. రక్తం తయారీకి, నరాలకు ఇది కావాలి. మూడవది ఒమేగా-3 కొవ్వు. ఇది మెదడుకు, కంటికి, గుండెకు మేలు చేస్తుంది. కవ్వలు, కానాగంతలు వంటి చవక సముద్రపు చేపల్లో ఇది ఎక్కువ. నెత్తళ్ళు, చిన్న పరిగెలు ముల్లుతో సహా నమిలి తింటాం కనుక వాటిలోని కాల్షియం ఎముకలకు అందుతుంది.

మరో ముఖ్య సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి, మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే అది మన వయసువారి జబ్బే. తోటకూర, పప్పులలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అదే భోజనంలో కాస్త చేప ఉన్నా, నిమ్మరసం పిండుకున్నా ఆ ఇనుము మరింత బాగా ఒంటబడుతుంది.

గుండెకు మేలేనా?

బ్రిటన్‌లో సుమారు 48 వేల మందిని 18 ఏళ్ళపాటు గమనించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. మాంసం తినేవారితో పోలిస్తే, మాంసం మాని చేపలు తినేవారిలో గుండెకు రక్తం సరిగా అందని జబ్బు 13 శాతం తక్కువగా కనిపించింది. దీనికి వారి ఇతర మంచి అలవాట్లు కూడా కొంత కారణం కావచ్చు. అలాగని చేపనూనె మాత్రలు కొనుక్కోనక్కరలేదు. 2018లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో ఆ మాత్రలు ఆరోగ్యవంతులకు గుండెజబ్బులను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదని తేలింది. కంచంలోని చేపే మేలు.

తీసుకోవలసిన జాగ్రత్తలు

తాజా చేప కన్ను మెరుస్తుంది, మొప్పలు ఎర్రగా ఉంటాయి, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేస్తుంది. నూనెలో వేపుడు కన్నా పులుసు మంచిది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ. వేడినీళ్ళలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి వండుకోవాలి. రక్తపోటు ఉన్న పెద్దవారికి అది తగ్గించి పెట్టాలి. సొర వంటి పెద్ద సముద్రపు చేపల్లో పాదరసం పేరుకుంటుంది కనుక గర్భిణులు వాటిని తినకూడదు. చేప పడనివారు, దద్దుర్లు వచ్చేవారు బలవంతంగా తినవద్దు.

మన మెస్సులో ఎలా?

చేపల ఉత్పత్తిలో మన దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు మధ్య లారీలెక్కి బెంగాలు, అస్సాం వరకు పోతున్నాయి. మన కంచంలోకి మాత్రం రావడం లేదు. ముళ్ళు తీయడం కష్టమని, ఇంతమందికి శుభ్రం చేయడం పెద్ద పని అని వంట అక్కలు అంటారు. అదీ నిజమే. అందుకే కోసి, శుభ్రం చేసిన ముక్కలనే కొని, నెలకు ఒక్క ఆదివారమైనా కోడికూర బదులు చేపల పులుసు పెట్టాలని వార్డెన్ గారిని కోరుతున్నాం. వడ్డన పనిలో మేమూ చేయి వేస్తాం. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ ఖర్చు భరిస్తే ఇంకా సంతోషం.

కోడి, గుడ్డు అన్నీ మానేయమని మేము చెప్పడం లేదు. చేప తినని మిత్రులకు గుడ్లు, పాలు, పప్పులు, వేరుశనగలు, ఆకుకూరలు ఉన్నాయి. ఎవరి తిండి వారికి గౌరవం. ఎదుటివారి కంచం చూసి ముక్కు మూసుకోవడం మాత్రం మానుకుందాం.

ఆ రోజు సీసా పారబోసిన మా మిత్రుడు ఈ సంక్రాంతికి మళ్ళీ నెత్తళ్ళు తెచ్చాడు. ఈసారి పెట్టెలో దాచలేదు. భోజనాల వరుసలో మధ్యన కూర్చుని మూత తీశాడు. రెండు నిమిషాల్లో సీసా ఖాళీ అయింది. వాడికి మిగిలింది ఒక్క నెత్తల్లే!