బీప్ వినిపించిందా?

కంప్యూటర్ మెకానిక్ దగ్గరికి ఏ ఫిర్యాదుతో వెళ్లినా అతని మొదటి ప్రశ్న ఒకటే: "బీప్ వినిపించిందా?" విండోస్ ఎక్కడం లేదన్నా, కొత్త ర్యామ్ వేశాక తెర నల్లగా ఉండిపోయిందన్నా అదే అడుగుతాడు. హైదరాబాద్ బహదూర్‌పురాలో జూపార్కుకూ కిషన్‌బాగ్‌కూ మధ్య గల్లీల్లో, జిరాక్సూ మొబైల్ రిపేరూ కంప్యూటర్ రిపేరూ ఒకే షటర్ కింద నడిచే కొట్లలోనూ ఆ మాటే, కాకపోతే సగం ఉర్దూలో. మీట నొక్కినప్పటి నుంచి విండోస్ బొమ్మ కనబడేదాకా ఉన్న కాసేపట్లో యంత్రం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ఆ ఒక్క జవాబుతో అతను సగం పోల్చుకుంటాడు.

ఆ కాసేపు కంప్యూటర్‌ను నడిపించేది మదర్‌బోర్డు మీద గోరంత చిప్‌లో ఉండే బయోస్ అనే ప్రోగ్రాము. ఇంట్లో కొత్త భాగం బిగించినప్పుడో, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడో వచ్చే తగాదాలు చాలావరకు దీని ఇలాకాలోవే. తిట్లు మాత్రం విండోస్ తింటుంది.

అసలిది ఎందుకు అవసరమైందంటే, కరెంటు పోగానే ర్యామ్ ఖాళీ అయిపోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు ప్రాసెసర్‌కు డిస్కు అంటే ఏమిటో తెలియదు, కీబోర్డు ఎక్కడుందో తెలియదు. డిస్కు చదవాలంటే చదివే ప్రోగ్రాము కావాలి, ఆ ప్రోగ్రామేమో డిస్కులోనే ఉంది. ఈ చిక్కు మొదటి నుంచీ ఉన్నదే. మన హైదరాబాద్‌లో 1967లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ పుట్టింది. ట్రాంబేలో తయారైన టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది, ఆ వరుస యంత్రాలను తర్వాత ఈసీఐఎల్ తయారుచేసి అమ్మింది. ఆ తరం మినీ కంప్యూటర్లను నిద్ర లేపడానికి మామూలు పద్ధతి ఏమిటంటే, ముందు పలక మీది స్విచ్చులను పైకీ కిందికీ వేస్తూ మొదటి కొన్ని ఆదేశాలను చేత్తో ఎక్కించడం. ఒక్క స్విచ్చు తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి. ఆ కొన్ని ఆదేశాలు లోపలికి వెళ్లాక అవి టేపు నుంచి మిగతాది చదువుకునేవి.

1970ల నడుమ అమెరికాలో గ్యారీ కిల్డాల్ సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తూ ఒక తెలివైన పని చేశాడు. యంత్రాన్ని బట్టి మారే భాగాన్నంతా విడదీసి ఒకచోట పెట్టి, దానికి బయోస్ అని పేరు పెట్టాడు. కొత్త కంప్యూటర్ వస్తే ఆ ముక్క మారిస్తే చాలు, మిగతాదంతా అలాగే నడుస్తుంది. పెళ్లిళ్ల పేరయ్య రెండు వైపులా తిరిగి సంబంధం కుదిర్చినట్టు, హార్డ్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య మాటలు మోయడం దాని పని.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని ప్రకటించినప్పుడు ఈ ముక్క శాశ్వతంగా చిప్‌లోకి ఎక్కింది. అందులోని 8088 ప్రాసెసర్‌కు కరెంటు అందగానే అది కళ్లు మూసుకుని చూసే మెమరీ చిరునామా ఒకటే: 10,48,560. ఒక మెగాబైటు మెమరీ చివరికి సరిగ్గా 16 బైట్ల ముందు. అక్కడ 'ఫలానా చోటికి వెళ్లు' అనే ఆదేశం ఉంటుంది, ఆ చోట బయోస్ మొదలవుతుంది. ముందు తన ఒళ్లు తాను తడుముకుంటుంది: ప్రాసెసర్, మెమరీ, టైమర్, కీబోర్డు. అన్నీ బాగుంటే చిన్న బీప్. తర్వాత డిస్కులోని మొదటి 512 బైట్లు చదివి, వాటి చివర 55, ఏఏ అనే రెండు గుర్తులు కనిపిస్తే పగ్గాలు వాటికి అప్పగిస్తుంది. విండోస్ కథ అక్కడి నుంచి.

ఐబీఎం పీసీలో ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది, మిగతా చిప్పులు బజారులో దొరికేవే. ఐబీఎం సొంతమని గట్టిగా చెప్పుకోదగ్గది బయోస్. దాని ప్రోగ్రామంతా సాంకేతిక గ్రంథంలో అచ్చు వేసింది కూడా; చదువుకోవచ్చు, కాపీ కొడితే కోర్టుకెళ్లాల్సిందే. కాంపాక్ సంస్థ దీనికి ఉపాయం కనిపెట్టింది. ఒక బృందం ఆ బయోస్ ఏమేం చేస్తుందో మాత్రం రాసిచ్చింది. అసలు ప్రోగ్రాము ముఖమే చూడని మరో బృందం ఆ పనులన్నీ చేసే కొత్త ప్రోగ్రాము రాసింది. 1982 నవంబరులో కాంపాక్ తన పీసీని ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ సంస్థ ఇదే పద్ధతిలో రాసిన బయోస్‌ను అడిగినవాడికల్లా అమ్మడం మొదలుపెట్టింది. ఐబీఎం కోటకు అదొక్కటే తలుపు, అది కాస్తా తెరుచుకుంది. తైవాన్ బోర్డులు ప్రపంచమంతా పారాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి, బోర్డు ఒకచోట, ర్యామ్ ఇంకోచోట, క్యాబినెట్ మరోచోట బేరమాడి కొని, అక్కడే బిగించుకుని రావడం మన ఊళ్లో మామూలైంది.

అసెంబుల్డ్ కంప్యూటర్ సుఖాలూ రోగాలూ రెండూ ఈ స్వేచ్ఛ నుంచి వచ్చినవే. ఒకరి బోర్డు, ఇంకొకరి కార్డు, మూడోవారి మోడెమ్. ఆ మూడింటినీ ఒకచోట పెట్టి పరీక్షించిన మొదటి మనిషి కొనుక్కున్న మనమే.

1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ మొదలుపెట్టాక ఇళ్లలోకి మోడెమ్ కార్డులు రావడం మొదలైంది. అప్పట్లో ఒక విచిత్రమైన జబ్బు ఉండేది: మోడెమ్ డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోయేది. ప్రాసెసర్‌ను పిలవడానికి ప్రతి పరికరానికీ ఒక గంట తీగ ఉండాలి. మొదటి పీసీలో అలాంటివి 8, తర్వాత 16, అందులో చాలా ముందే పంచేసినవి. మౌస్ ఉండే మొదటి సీరియల్ పోర్టుకూ మోడెమ్ వాడుకునే మూడో పోర్టుకూ వాటాకు వచ్చింది ఒకే నాలుగో నంబరు తీగ. రెండూ ఒకేసారి గంట కొడితే ప్రాసెసర్‌కు ఎవరు పిలిచారో తెలియదు. మందు ఏమిటంటే, కార్డు మీద అగ్గిపుల్ల తలకాయంత ప్లాస్టిక్ టోపీని, జంపర్‌ను, పట్టకారుతో పీకి పక్క పిన్నుల మీద పెట్టడం. ఆ టోపీ కింద పడితే గదంతా ఊడ్చేవాళ్లు.

ఈ పంపకాలన్నీ యంత్రమే చూసుకోవాలని 1995లో విండోస్ 95తో పాటు 'ప్లగ్ అండ్ ప్లే' వచ్చింది. బయోస్ ప్రతి కార్డునూ నువ్వెవరని అడిగి, తీగలు పంచి, జాబితాను విండోస్‌కు ఇస్తుంది. చెప్పుకున్నంత సులువుగా నడవలేదు. 1998 ఏప్రిల్‌లో చికాగో కామ్‌డెక్స్ ప్రదర్శనలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా, విండోస్ 98 గొప్పతనం చూపడానికి అతని సహోద్యోగి ఒక స్కానర్ తగిలించాడు. విండోస్ కూలిపోయి వెనుక పెద్ద తెర నీలంగా మారిపోయింది. ఇంట్లో ప్రింటర్ పనిచేయక ఏడ్చిన వాళ్లందరికీ ఆ దృశ్యం ఇప్పటికీ ఎంతో ఊరట.

బీప్‌కు ఒక భాష ఉంది. బయోస్ తయారీదారును బట్టి యాస మారుతుంది. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి కూతలైతే గ్రాఫిక్స్ కార్డు. ఆగకుండా కూస్తుంటే చాలాసార్లు ర్యామ్. మన ఊరి దుమ్ముకు ర్యామ్ అంచున ఉండే బంగారు పూత పళ్ల మీద పొర కడుతుంది. మెకానిక్ దాన్ని పీకి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్ది, గుడ్డతో తుడిచి మళ్లీ నొక్కుతాడు. టక్కుమని రెండు వైపులా కొక్కేలు పడాలి. చిల్లర వైద్యంలా కనిపిస్తుంది గానీ పనిచేస్తుంది.

అంతకన్నా అందమైనది ఇంకో పరీక్ష. ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేస్తారు. బోర్డు గగ్గోలు పెడితే శుభవార్తే: ప్రాసెసర్ బతికుంది, బయోస్ బతికుంది, ర్యామ్ లేదని కనిపెట్టేటంత తెలివి మిగిలుంది. ఏమీ కూయకపోతే తప్పు ఇంకా కింద ఉంది, పవర్ సప్లైలోనో బోర్డులోనో. డిస్కులూ కార్డులూ అన్నీ విప్పేసి, బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్ పుల్ల మిగిల్చి, అక్కడి నుంచి ఒక్కొక్కటే కలుపుతూ పోవడమే ఈ విద్య మొత్తం. ఇంత పనికొచ్చే కూతను ఇప్పటి క్యాబినెట్లలో ఎగ్గొట్టారు. కొద్ది రూపాయల్లో దొరికే బజర్ కూడా లోపల పెట్టడం లేదు. కొన్ని బోర్డుల మీద దాని బదులు ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. మూత తీస్తే తప్ప కనబడవు.

బీప్ సరిగ్గానే వచ్చి, తర్వాత విండోస్ కూలిపోయే కేసులు ఇంకా చిక్కువి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి, ఆ తర్వాత వచ్చిన సాటా డిస్కుల 'ఏహెచ్‌సీఐ' పద్ధతి తెలియదు. ఎక్కించేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో డ్రైవర్ ఇవ్వాలి, లేదా బయోస్‌లోకి వెళ్లి డిస్కును పాత 'ఐడీఈ' వేషంలో చూపించాలి. రెండూ చేయకపోతే 7బి నంబరుతో నీలి తెర: బూట్ డిస్కు నాకు అందడం లేదు అని. ఒక వేషంలో ఉండగా విండోస్ ఎక్కించి, తర్వాత వేషం మార్చినా అదే తెర.

బహదూర్‌పురా కొట్లో ఒకసారి ఇదే జబ్బుతో ఒక పాత డబ్బా వచ్చింది. తెచ్చినాయన విసిగి ఉన్నాడు. "షాపుల మంచిగనే నడుస్తది భాయ్. ఇంటికి తీస్కపోయి పొద్దున ఆన్ జేస్తే మల్ల గదే నీలి తెర. ఎన్నిసార్లు విండోస్ ఏపియ్యాలె?" మెకానిక్ విండోస్ జోలికే పోలేదు. ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్లీ పెట్టి, డిలీట్ మీట కొట్టి సెటప్ తెర తెరిచాడు. "తారీఖ్ చూడున్రి సాబ్," అన్నాడు. 2010 జనవరి 1. బోర్డు మీది రూపాయి బిళ్లంత సెల్, సీఆర్ 2032, పీకి మల్టీమీటర్ పెడితే మూడు ఓల్టులు ఉండాల్సిన చోట రెండుకు లోపే ఉంది.

ఆ సెల్ బయోస్ గడియారాన్ని నడుపుతుంది. సెకనుకు 32,768 సార్లు కొట్టుకునే స్ఫటికం అందులో ఉంటుంది. ఆ అంకెను 15 సార్లు సగం చేస్తే ఒక సెకను. ఇలాంటి చాలా పాత బోర్డుల్లో మనం మార్చిన అమరికలు నిలిచేదీ ఆ సెల్ బలంతోనే. కొట్లో ప్లగ్గు ఎప్పుడూ పెట్టే ఉంటుంది కాబట్టి అమరికలు నిలిచాయి. ఇంట్లో రాత్రి మెయిన్ స్విచ్చు కట్టేయగానే అన్నీ పోయి, డిస్కు ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈ వేషానికి తిరిగిపోయింది. యాభై రూపాయల సెల్ మార్చి, వేషం సరిచేస్తే పాత విండోస్ ఫైళ్లతో సహా లేచింది. అదే సెల్ చచ్చినప్పుడు ఇంకో తమాషా కూడా జరుగుతుంది: తేదీ తప్పడంతో వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవని బ్రౌజర్ మొండికేస్తుంది, జనం ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్లు కొడతారు. 1984 నాటి పీసీ ఏటీలో ఈ గడియారపు చిప్ సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచేది. అమీర్‌పేటలో కోబాల్ కోర్సులు కిటకిటలాడిన వైటూకే రోజుల్లో, 2000ను 1900 అనుకుంటాయేమోనన్న బెంగ బయోస్‌లనూ పట్టుకుంది.

ఏ బీప్‌కూ అందని సమస్య ఒకటి మన భాషలదే. ఎక్స్‌పీలో తెలుగు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల పేజీకి వెళ్లి, సంక్లిష్ట లిపులకూ కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కలిపి ఉన్న ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ అడిగితే పెట్టాలి. సీడీ ఎవరి దగ్గరా ఉండేది కాదు. పాతబస్తీ కోణంలో చూస్తే సరదా ఏమిటంటే, తెలుగుకూ ఉర్దూకూ ఆ టిక్కు ఒకటే.

చిప్‌లోని బయోస్‌ను తిరగరాసే వీలు 1990ల్లో ఫ్లాష్ మెమరీతో వచ్చింది. దానితోపాటు చెరిపే వీలూ వచ్చింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ప్రపంచమంతటా డిస్కుల మొదటి భాగాన్నీ, దొరికిన చోట బయోస్‌నూ చెరిపేసింది. అలాంటి కంప్యూటర్ బీప్ కూడా అనదు. ఇప్పటికీ బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే అదే గతి, అందుకే యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోకూడదు. అయితే రిపేరు కొట్లలో సీహెచ్ 341ఏ అనే చిన్న ప్రోగ్రామర్ ఉంటుంది. ఎనిమిది కాళ్ల చిప్‌ను క్లిప్పుతో పట్టి, సరైన ఫైలును మళ్లీ రాస్తారు. చిప్ 1.8 ఓల్టులదో 3.3 ఓల్టులదో చూడకుండా తగిలిస్తే చిప్ కూడా పోతుంది.

2005లో ఏర్పడిన ఒక పరిశ్రమ వేదిక, బయోస్ స్థానంలో ఇంటెల్ మొదలుపెట్టిన కొత్త పద్ధతిని యూఈఎఫ్ఐ పేరుతో నిలబెట్టింది. మౌస్‌తో తిరగొచ్చు, రెండు టెరాబైట్లు దాటిన డిస్కు నుంచి లేవొచ్చు. తగాదాలు మాత్రం వేషం మార్చుకుని తిరిగొచ్చాయి. యూఈఎఫ్ఐలో లేపితే, పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్కు మీద విండోస్ ఎక్కదు, కొత్త జీపీటీ పద్ధతికి మార్చాలి. ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్‌లు కొన్నింట్లో విండోస్ ఎక్కించబోతే డిస్కే లేదంటుంది. వీఎండీ అనే అమరిక దాన్ని దాచేసి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఇంటెల్ డ్రైవర్ పెట్టి ఇవ్వాలి. ఎఫ్6 ఫ్లాపీ గుర్తున్నవాడికి ఇది కొత్తేమీ కాదు.

2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటునూ, సెక్యూర్ బూట్ చేయగల యూఈఎఫ్ఐనీ, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి ప్రాసెసర్‌నూ అడుగుతుంది. అడిగే సంస్థకు అధిపతి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్లే అయినా, బహదూర్‌పురా డబ్బాలకు మినహాయింపు లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 'ఈ కంప్యూటర్ పనికిరాదు' అని వచ్చినప్పుడు కొత్తది కొనేముందు సెటప్ తెరలో చూడాలి: ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో టీపీఎం ఉండి కూడా ఆపేసి ఉండొచ్చు. ప్రాసెసరే పాతదైతే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను ఎక్కించకుండానే నడిపి చూడొచ్చు. వైఫై, శబ్దం, ముఖ్యంగా ఇంట్లో ఉన్న ప్రింటర్ పలుకుతున్నాయో లేదో తేలాకే డిస్కు మీద చెయ్యి వేయాలి.