సంకల్పము యజమానిదే

మన యిండ్లలో శుభకార్యము జరుగునప్పుడు పురోహితుడు మంత్రము చెప్పును. కర్త దానిని పలుకును. దేశకాలములను, గోత్రనామములను చెప్పి సంకల్పము చేయవలసినవాడు మాత్రము కర్తయే. పురోహితుడెంత విద్వాంసుడైనను తన గోత్రము చెప్పుకొని పూజ ముగించినచో ఫలమెవరిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. సంస్థలకు నాయకత్వమును గూర్చియు, భావిలక్ష్యములను గూర్చియు సలహా చెప్పుట వృత్తిగా గొన్నవారి విషయమునను ఈ న్యాయమే వర్తించునని మా యభిప్రాయము.

ఈ వృత్తి యమెరికాలో పెంపొందినది. 1911లో ఫ్రెడరిక్ టేలరు శాస్త్రీయ నిర్వహణమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన దృష్టి ముఖ్యముగా కార్ఖానాలోని పనివాని చేతులమీదనే నిలిచినది. 1926లో జేమ్స్ మెకిన్సీ చికాగోలో స్థాపించిన సంస్థ పద్దుల పరిశీలనతో ఆరంభించి యజమానుల యాలోచనలవఱకు పోయినది. 1933లో అందు చేరిన మార్విన్ బోవరు న్యాయశాస్త్రము చదివినవాడు. సలహాదారుడు తన లాభముకంటె కక్షిదారుని శ్రేయస్సును ముందుంచవలెననియు, అప్రియమైనను సత్యమునే చెప్పవలెననియు ఆయన నియమము. నియమము గొప్పదే. కాని 2021లో ఆ సంస్థయే నల్లమందుజాతి యౌషధముల విక్రయమునకు సలహా చెప్పిన వ్యవహారమున, తప్పు నంగీకరింపకయే, అమెరికా రాష్ట్రములకు సుమారు 57 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. నియమము వ్రాసిపెట్టుట వేఱు, నిలుపుకొనుట వేఱు.

సలహాదారు డెట్లుండవలెనో తెలియుటకు పీటర్ డ్రకర్ చరిత్రము చూడవచ్చును. వియన్నాలో జన్మించిన యీ పండితుని 1943లో జనరల్ మోటార్స్ వారు తమ సంస్థను పరిశీలింప బిలిచిరి. నీకు న్యాయమని తోచినది వ్రాయుము, మాకు నచ్చునో నచ్చదో యను చింత నీకు వలదు అని అధిపతి స్లోను తనతో చెప్పినట్లు డ్రకర్ తరువాత వ్రాసెను. 1946లో గ్రంథము వెలువడినది; సంస్థవారికి రుచింపలేదు. కార్మికులకు తమ పనిచోటి వ్యవహారములలో బాధ్యత నీయవలెనను సూచన మూల బడినది. అయినను సలహాదారుడు తన మాట మార్చుకొనలేదు. ఆయన జీవితాంతము అడిగిన ప్రశ్న యొక్కటే: మీ వ్యాపారము నిజముగా నేది? దానికి సమాధానము తాను చెప్పక, అడిగినవారిచేతనే చెప్పించెడివాడు.

ఈ ప్రశ్న మన యింటికిని వచ్చినది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మెకిన్సీ సంస్థ సాయముతో 'విజన్ 2020' పత్రమును ప్రకటించెను. అందు మేలైన లక్ష్యములు లేకపోలేదు. అయితే సంకల్పము పలుకవలసిన కర్తలెవరు? 2001 జూన్ మాసమున మెదకు జిల్లా అల్గోలు గ్రామమున 'ప్రజాతీర్పు' పేర సభ జరిగినది. చిన్నకారు రైతులు, వారిలో స్త్రీలే యధికులు, న్యాయనిర్ణేతలై కూర్చుండి సాక్ష్యములు వినిరి. సేద్యమునుండి జనులను తగ్గింపవలెనను ఆలోచనను వారు త్రోసిపుచ్చి, తమ భూమి, విత్తనము, నీరు తమ చేతిలోనే యుండవలెననిరి. 2004 ఎన్నికలలో ఆ ప్రభుత్వ మోడినది. ఓటమికి కారణములు పెక్కు. కాని 2020వ సంవత్సరము వచ్చునప్పటికి ఆ పత్రము నుద్దేశించిన రాష్ట్రమే రెండై యాఱేండ్లు కావచ్చినది. సలహాదారులు ఎన్నడో తమ ప్రతిఫలము గైకొని పోయిరి. ఫలితము మాత్రము ఇక్కడివారిది.

ఇందువలన సలహా వలదని మేమనుట లేదు. రాజు ముగ్గురు నలుగురు మంత్రులతో ఆలోచింపవలెననియు, ఒక్కనినే నమ్మినచో వాడు కట్టుదప్పి చరించుననియు కౌటిల్యుడు హెచ్చరించెను. బయటివాని కన్ను లోనివానికి కానరాని లోపమును చూడగలదు. కొలువులోనివాడు చెప్పజంకు మాటను చెప్పగలదు. ఆ మేరకు వాని ప్రతిఫలము న్యాయమే. అయితే సంస్థలోని కడపటి గుమాస్తావఱకు తన మాటలతో చెప్పుకొనలేని లక్ష్యము లక్ష్యము కాదు. గోడకు వ్రేలాడు పటము. కావున సలహాదారుని పిలుచువారు ముందు తమవారి నడుగుదురు గాక! పిలువబడినవాడు వ్రాయుటకంటె వినుట యెక్కువ చేయుగాక! మంత్రము పురోహితుడు చెప్పవచ్చును. గోత్రము మాత్రము మనదే చెప్పుకొనవలెను.