ఖాళీ బండి ఎందుకు కూస్తుంది?

మదనపల్లె నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈ నెల మిగతా ఉత్తరాలన్నిటినీ పక్కకు నెట్టేసింది. రాసినాయనకు ఒక పికప్ బండి ఉంది. టమాటా పెట్టెలు నింపుకుని భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతి వైపు పోతుంది, ఖాళీ పెట్టెలతో తిరిగొస్తుంది. "లోడుతో పొయ్యేటప్పుడు గమ్మునుంటాది సార్. ఖాళీగా వచ్చేటప్పుడు 60 మీద వెనక నుంచి ఊఁ... అని ఒకటే కూత. మెకానిక్కేమో క్రౌన్ పినియన్ పోయింది, సెట్టు మార్చాలంటాడు. నిజంగా పోయుంటే బరువు మీద కదా అరవాల్సింది?"

ఆ చివరి ప్రశ్న అడగడానికి ఇంజనీర్లకు 1950ల దాకా పట్టింది. కాబట్టి ఈ నెల వ్యాసం ఆయనదే.

ముందు లోపల ఏముందో త్వరగా చూసేద్దాం. గేర్‌బాక్స్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక హౌసింగ్ దాకా వస్తుంది. దాని కొసన ఉన్న చిన్న పళ్ల చక్రం పినియన్. అది పెద్ద పళ్లెం లాంటి క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. తిరుగుడు దిశ అడ్డంగా మళ్లుతుంది, వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. క్రౌన్‌కు బిగించిన పెట్టెలో డిఫరెన్షియల్ అనే చిన్న గేర్లు ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కదా, ఆ తేడాను సర్దేది అవి. ఈ ఏర్పాటుకు ఫ్రాన్సులో పెక్వేర్ 1828లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు రెండు వేల ఏళ్ల ముందే గ్రీకులకు ఇది తెలుసునని, సముద్రంలో దొరికిన ఆంటికిథెరా యంత్రంలో డిఫరెన్షియల్ ఉందని 1974లో డెరెక్ డి సోలా ప్రైస్ ప్రకటించాడు. చాలా పుస్తకాలు దాన్ని నమ్మాయి. తర్వాత మైకేల్ రైట్ ఆ పళ్లను మళ్లీ పరిశీలించి, అక్కడ డిఫరెన్షియల్ లేదని తేల్చాడు. మన కూతతో దానికి సంబంధం ఎంతంటే, తిన్నటి రోడ్డు మీద మన డిఫరెన్షియల్ గేర్లు కూడా ఒకదానితో ఒకటి తిరగవు, మొత్తం పెట్టెతో కలిసి ఊరేగుతాయంతే. మలుపుల్లో మాత్రమే చప్పుడొస్తే వాటిని అనుమానించాలి. తిన్నగా పోతున్నప్పుడు కూస్తే అవి నిర్దోషులు.

ఇక అసలు సంగతి. పళ్ల చక్రం చేసే చప్పుడులో స్వరం ఉంటుంది, ఆ స్వరానికి ఒక సంఖ్య ఉంటుంది. ఈ విషయం మొదట చూపించినవాడు రాబర్ట్ హుక్. ఈగ పాడే స్వరం విని అది సెకనుకు ఎన్నిసార్లు రెక్క ఆడిస్తుందో చెప్పగలనని ఆయన అన్నట్టు 1666 ఆగస్టులో శామ్యూల్ పెపీస్ తన డైరీలో రాసుకున్నాడు. పెపీస్ పూర్తిగా నమ్మినట్టు లేదు. 1681లో హుక్ లండన్ రాయల్ సొసైటీ సభ్యుల ముందు ఇత్తడి పళ్ల చక్రాలు తిప్పి స్వరాలు పలికించాడు. నూటయాభై ఏళ్ల తర్వాత ఫ్రాన్సులో ఫెలిక్స్ సవార్ పళ్ల చక్రానికి ఒక అట్టముక్కను ఆనించి తిప్పి, మనిషి చెవి ఎంత పై స్వరం వినగలదో కొలిచాడు. సూత్రం ఒక్కటే: పళ్ల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే వచ్చేదే స్వరం.

మదనపల్లె బండికి లెక్క కడదాం. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 పళ్లు అనుకుందాం. పికప్‌లలో 4.10 నిష్పత్తి మామూలే. టైరు ఒక్క చుట్టుకు సుమారు 2.1 మీటర్లు పోతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు, అంటే చక్రం దాదాపు 8 చుట్లు తిరుగుతుంది. దాన్ని 41తో గుణిస్తే సెకనుకు సుమారు 325 కంపనాలు. హార్మోనియం మధ్య స్థాయిలో మూడో తెల్ల మెట్టు నొక్కి చూడండి, దాదాపు అదే. వేగం 30కి దిగితే సరిగ్గా ఒక స్థాయి కిందకు జారుతుంది. ఫోన్‌లో శబ్దం పౌనఃపున్యం చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. పక్కన కూర్చున్నవాడు దాన్ని పట్టుకుని చూస్తే చాలు. 325 దగ్గర గీత నిటారుగా లేచిందంటే పళ్ల స్వరం దొరికినట్టే.

అదే వేగంలో మిగతా అనుమానితుల సంఖ్యలు పూర్తిగా వేరు. చక్రం బ్యాలెన్స్ తప్పితే సెకనుకు 8 సార్లు ఊపు వస్తుంది, అది చెవికి కాదు, స్టీరింగు పట్టుకున్న చేతికి తెలుస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే దాదాపు 32, అది సీటు కింద తెలుస్తుంది. దాని క్రాస్ పాడైనా, కోణం తప్పినా చుట్టుకు రెండుసార్లు, అంటే 65 దగ్గర గుర్రుమంటుంది. టైరు పువ్వు చేసే మోత మాత్రం మన 325 పక్కకే వచ్చి మోసం చేయగలదు. దాన్ని పట్టుకోవడం తేలిక: తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే దాని గొంతు మారుతుంది, యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా మారదు. గేరు పళ్లు దీనికి పూర్తిగా తలకిందులు. వాటికి రోడ్డుతో పనిలేదు, కాలితో పని.

ఎందుకు? ఇక్కడే నాకు ఇష్టమైన ఘట్టం వస్తుంది.

పళ్లు ఒకదాన్నొకటి ఢీకొడతాయి కాబట్టి చప్పుడు వస్తుందని చాలామంది అనుకుంటారు. అరిగితే సందు పెరుగుతుంది, సందు పెరిగితే దెబ్బ గట్టిగా తగులుతుంది, కూత పెరుగుతుంది అని వాదన. వినడానికి బాగుంది. 1930లలో పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా పళ్ల మీద పడే అదనపు బరువును ఇలా దెబ్బల లెక్కలోనే కట్టారు. కానీ బండి లాగుతున్నప్పుడు పళ్లు విడిపోయి గుద్దుకోవు, ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. 1958లో ఇంగ్లండులో ఎస్.ఎల్. హారిస్ అనే పరిశోధకుడు ప్రశ్ననే మార్చేశాడు. పినియన్ సమానంగా తిరుగుతుంటే క్రౌన్ కూడా అంతే సమానంగా తిరుగుతోందా? తిరగదు. ప్రతి పన్నూ పట్టులోకి వచ్చి వెళ్లేలోపు క్రౌన్ ఉండాల్సిన చోటికి ఒక పిసరు ముందో, ఒక పిసరు వెనకో ఉంటుంది. ఆ పిసరు కొన్ని మైక్రాన్లే. పళ్ల మధ్య తయారీదారు కావాలని వదిలే ప్లే సుమారు 0.15 మిల్లీమీటర్లు, అంటే 150 మైక్రాన్లు. దాని ముందు ఈ తేడా ఎంత? కానీ అది సెకనుకు 325 సార్లు జరుగుతుంది. ఆ వణుకు బేరింగుల గుండా హౌసింగ్‌కు, హౌసింగ్ నుంచి కమాన్ కట్టలకు, అక్కణ్ణుంచి రేకు బాడీకి ఎక్కుతుంది. రేకు దాన్ని పెద్దది చేసి మన చెవిలో ఊదుతుంది.

ఇప్పుడు బరువు సంగతి. ఉక్కు పన్ను వంగుతుంది. బరువు పడ్డప్పుడు వంగిన పన్ను తన తర్వాతి పన్ను దారికి అడ్డం వస్తుంది. అందుకని తయారీలోనే పళ్ల కొసలూ అంచులూ కొన్ని మైక్రాన్లు తరిగి, పన్ను నడుమ కాస్త ఉబ్బుగా ఉంచుతారు. పని చేసే బరువు మీద పన్ను వంగినప్పుడు ఆ వంపు, ఈ తరుగు ఒకదాన్నొకటి కొట్టేసుకుని తిరుగుడు నున్నగా ఉంటుంది. బరువు లేనప్పుడు వంపు లేదు, తరుగు మాత్రం అలాగే ఉంది. కొట్టేసే తోడు లేక ఆ తరుగే తేడా అవుతుంది. హారిస్ గీసిన గీతల్లో ఇదే కనిపిస్తుంది. ఒక ఫలానా బరువు దగ్గర తేడా అతి తక్కువ, దానికి ఇటూ పెరుగుతుంది, అటూ పెరుగుతుంది. టమాటాలు మోసే బండి గేర్లను మోతబరువుకు సరిపోయేలా చెక్కితే, అది ఖాళీగా, కాలు పూర్తిగా నొక్కకుండా, పూర్తిగా వదలకుండా 60 మీద సాగిపోతున్నప్పుడు కూయడంలో వింత లేదు. పైగా ఖాళీ ట్రాలీ రేకు ఎక్కువ మోగుతుంది. మెకానిక్ మాటకన్నా పాఠకుడి అనుమానమే న్యాయంగా ఉంది.

హైపాయిడ్ అనే మాట ఇక్కడ తప్పదు. పినియన్ ఇరుసు క్రౌన్ నడిబొడ్డుకు ఎదురుగా కాక కాస్త కిందుగా ఉండే ఈ పళ్ల రకాన్ని 1920లలో అమెరికాలోని రోచెస్టర్‌లో గ్లీసన్ వర్క్స్ తెచ్చింది. ప్యాకార్డ్ కార్లు దాన్ని మొదట వాడిన వాటిలో ఉన్నాయి. షాఫ్ట్ కిందకు దిగింది, కారు నేల కిందకు దిగింది, పినియన్ పెద్దదై బలం పెరిగింది. బదులుగా పళ్లు దొర్లడంతో పాటు పొడుగునా ఒకదాని మీద ఒకటి జారడం మొదలెట్టాయి. ఆ ఒత్తిడిలో మామూలు నూనె పొర నిలవదు. అందుకే గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలిపిన, ముక్కు మూసుకునేలా వాసన కొట్టే గేర్ ఆయిల్ కావాలి. డబ్బా మీద జీఎల్-5 అని రాసి ఉండేది అదే. కూత తగ్గుతుందని ఇందులో గ్రీజు కూరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గ్రీజు పక్కకు తోసుకుపోయి అక్కడే ఉండిపోతుంది, పళ్ల మధ్యకు తిరిగి రాదు. ఇది పాత మోసానికి కొత్త రూపం. పాత కార్ల వ్యాపారి గేర్‌బాక్స్‌లో రంపపు పొట్టు పోసి చప్పుడు దాచడం రోల్డ్ డాల్ 1988 నాటి పిల్లల నవల 'మటిల్డా'లోకి కూడా ఎక్కింది.

అయితే నిజంగా అరిగినదాన్ని పట్టుకోవడం ఎలా? లాగేటప్పుడు పన్ను ఒక ముఖం పనిచేస్తుంది, కాలు వదిలి ఇంజను బ్రేకు మీద ఘాట్ దిగేటప్పుడు రెండో ముఖం. లాగేటప్పుడు పినియన్‌ను క్రౌన్ బయటికి నెడుతుంది, దిగేటప్పుడు లోపలికి లాక్కుంటుంది. పినియన్ బేరింగుల బిగువు సడలితే ఈ రాకపోకల్లో పినియన్ కదిలిపోతుంది. నిన్నటిదాకా లేని కూత ఘాట్ దిగుడులో మొదలైతే, ముందు చూడాల్సినవి పళ్లు కావు, ఆ బేరింగులు. విరిగిన పన్నైతే కూయదు, టక్కుమంటుంది. ఆ టక్కులు ఎంత దూరానికోసారి వస్తున్నాయో లెక్కపెట్టండి. 2.1 మీటర్లకోసారైతే దెబ్బ క్రౌన్ పన్నుది, అర మీటరుకోసారైతే పినియన్ పన్నుది. రెండిటిలోనూ ఒక్కో పన్ను గాయపడి, ఆ రెండూ కలిసినప్పుడు మాత్రమే చప్పుడైతే 21 మీటర్లకోసారి. ఎందుకంటే 41కీ 10కీ ఉమ్మడి కారణాంకం లేదు. ఏ రెండు పళ్లైనా ఒకసారి కలిశాక క్రౌన్ 10 చుట్లు తిరిగితే గానీ మళ్లీ కలవవు. అరుగుదల అన్ని పళ్లకూ సమంగా పంచాలని కావాలనే ఇలా సంఖ్యలు ఎంచుతారు. నాకైతే ఈ 21 మీటర్లు చాలా నచ్చింది. రోడ్డే కొలబద్ద.

హౌసింగ్ విప్పాక చెప్పగలిగేది బ్లూ ఒక్కటే. క్రౌన్ పళ్లు నాలుగైదింటికి ప్రష్యన్ బ్లూ పలచగా పూసి, క్రౌన్‌ను చెక్కముక్కతో కాస్త ఆపి పట్టి పినియన్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పితే, పన్ను మీద నిజంగా ఆనుతున్న చోట రంగు చెదిరి కోలగా అచ్చు పడుతుంది. అచ్చు పన్ను కొసకు ఎక్కితే పినియన్ దూరంగా ఉంది, వేరుకు దిగితే మరీ లోపలికి చొచ్చుకుంది. రెండిటికీ మందు పినియన్ షిమ్ అనే పలచని రేకు బిళ్ల. పన్ను లోపలి అంచుకో బయటి అంచుకో జరిగితే క్రౌన్‌ను పక్కకు జరిపి ప్లే సరిచేయాలి. 0.05 మిల్లీమీటర్ల షిమ్ తేడాకే అచ్చు జరగడం కళ్లకు కనిపిస్తుంది. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో కలిసి నూరుకున్న జంట, ఇద్దరి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. ఒకటి పాతది ఉంచి ఇంకొకటి కొత్తది వేస్తే ఏ షిమ్మూ కాపాడదు.

మదనపల్లె పాఠకుడికి నా జవాబు ఇది. మీరు రాసిన లక్షణం క్రౌన్ పోయిందనడానికి సాక్ష్యం కాదు. కూత కొన్నేళ్లుగా అలాగే ఉంటే బండి నడుపుకోండి. ఈ మధ్యే మొదలైతే, లేదా నెలనెలా పెరుగుతుంటే ముందు హౌసింగ్ ఆయిల్ దించండి. అడుగు బోల్టు అయస్కాంతానికి నల్లటి మెత్తని ముద్ద అంటితే భయం లేదు, గోటికి తగిలే ఇనుప రేకులొస్తే విప్పాల్సిందే. ఆయిల్ పాలరంగులో ఉంటే నీళ్లు చేరాయి. వానాకాలం వాగు దాటినప్పుడు వేడి హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చి ఉంటుంది, హౌసింగ్ పైనున్న గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా సెట్టు మార్చాలని మెకానిక్ అంటే మార్పించండి, కానీ మూత బిగించే ముందు బ్లూ అచ్చు ఫొటో తీసి చూపించమనండి. అది చూపించలేనివాడికి క్రౌన్ పినియన్ పని ఇవ్వకండి.